పిల్లల పాలపళ్ళకు పెట్టించిన ఫిల్లింగ్ ఎన్నాళ్ళు ఉండాలి?

భవానీపురం అమ్మ | జూన్ 9, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మా బాబుకు ఐదేళ్ళు నిండాయి. పోయిన అక్టోబరులో కింది దవడలో మూడు పళ్ళకు ఫిల్లింగ్ చేయించాం, ఎడమవైపు రెండు, కుడివైపు ఒకటి. నిన్న పల్లీ చిక్కీ తింటుంటే ఎడమవైపుది ముక్కగా ఊడి చేతిలోకి వచ్చింది. ఎనిమిది నెలలే అయింది. చేసినచోటికి ఫోన్ చేస్తే "పాలపన్నే కదమ్మా, ఎలాగూ ఊడిపోతుంది, నొప్పి లేకపోతే వదిలేయండి" అన్నారు. మా అత్తగారిదీ అదే మాట. మా ఆడపడుచు మాత్రం వాళ్ళ పాపకు క్యాప్ వేయించింది, నన్నూ అదే చేయమంటోంది.

వాడికి ఇప్పుడు నొప్పి లేదు. కానీ అన్నం తిన్న ప్రతిసారీ అందులో మెతుకులు ఇరుక్కుంటున్నాయి. అసలు పిల్లలకు పెట్టించిన ఫిల్లింగ్ ఎన్నేళ్ళు నిలవాలి? మేం సరిగా చూసుకోలేదా, లేక పని సరిగా జరగలేదా? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

పటమట అమ్మమ్మ | జూన్ 9, రాత్రి 10:48

అమ్మాయీ, నీ తప్పు అనుకోకు. మా రోజుల్లో పాలపన్ను పుచ్చిందంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఊడిన పన్నును పేడలో పెట్టి పెంకుల మీదకు విసిరేసేవాళ్ళం, అంతటితో సరి. అందుకే మీ అత్తగారు అలా అని ఉంటారు, ఆవిడ మీద కోపం పెట్టుకోవద్దు. కానీ మా మనవరాలి విషయంలో నేనూ అదే మాట అని, తర్వాత బాధపడ్డాను. పన్ను తీసేయాల్సి వచ్చింది. పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగిపోయి, ఇప్పుడు పన్నెండేళ్ళ పిల్ల నోటినిండా కమ్మీలతో తిరుగుతోంది. వదిలేయకు.

బ్రాడీపేట నాన్న | జూన్ 9, రాత్రి 11:20

పెద్దావిడ చెప్పింది నిజం. మాది ఇంకా ఘోరం. రెండేళ్ళ కిందట మా అబ్బాయికి పై దవడలో ఫిల్లింగ్ ఊడిపోయింది. "నొప్పి లేదుగా" అని నాలుగు నెలలు వదిలేశాం. ఒకరోజు తెల్లారేసరికి చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది, ఒళ్ళు కాలిపోతోంది. కొత్తపేటలో అప్పటికప్పుడు ఆసుపత్రిలో చేర్చి రెండు రోజులు సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కించారు. ఆ తర్వాత పన్ను తీసేశారు. ఖాళీ మూసుకుపోకుండా పక్క పన్నుకు చిన్న తీగ చట్రం బిగించారు, స్పేస్ మెయింటైనర్ అంటారట.

నాకు అప్పుడు తెలిసిన విషయం ఒకటుంది. పాలపన్నులో నరం చచ్చిపోతే నొప్పి ఆగిపోతుంది. నొప్పి లేదంటే బాగున్నట్టు కాదు. దయచేసి దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

పిల్లల పళ్ళ డాక్టర్, గుంటూరు | జూన్ 10, ఉదయం 6:50

భవానీపురం అమ్మ గారూ, నోరు చూడకుండా వైద్యం చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ మీ ప్రశ్నకు జవాబు చెప్పడానికి రెండు వివరాలు కావాలి. మీ ఫైల్‌లోనో బిల్లు మీదో పళ్ళ నంబర్లు రాసి ఉంటాయి, 74, 75, 85 లాంటివి. ఏ మందు నింపారో కూడా ఉంటుంది. చూసి చెప్పగలరా? ఊడింది పన్ను పైభాగం నుంచా, రెండు పళ్ళ మధ్య నుంచా?

ఈలోగా తిన్న ప్రతిసారీ నీళ్ళతో బాగా పుక్కిలించమనండి. ఆ వైపు కూడా మెత్తగా బ్రష్ చేయండి, భయపడి వదిలేయకండి. లవంగ నూనె పెట్టకండి. చిక్కటి నూనె పిల్లల చిగుళ్ళను కాలుస్తుంది, మింగితే ఇంకా ప్రమాదం. చెంప వాపు, జ్వరం, చిగురు మీద చీముపొక్కు, ఈ మూడింట్లో ఏది కనిపించినా ఆ రోజే వెళ్ళాలి.

భవానీపురం అమ్మ | జూన్ 10, ఉదయం 9:05

డాక్టర్ గారూ, చాలా థాంక్సండీ. కాగితం దొరికింది. 74, 75, 85 అనే ఉన్నాయి! మూడింటికీ జీఐసీ అని రాశారు. ఊడింది 74ది. అది, దాని పక్కనున్న 75, రెండూ ఆనుకునే చోట పుచ్చింది. ఆ రోజు వీడు కుర్చీలో కూర్చున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు, ఇద్దరం పట్టుకుంటే తప్ప నోరు తెరవలేదు.

పిల్లల పళ్ళ డాక్టర్, గుంటూరు | జూన్ 10, మధ్యాహ్నం 2:30

ఇప్పుడు చెప్పగలను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఫిల్లింగ్ ఎన్నేళ్ళు ఉంటుందని అందరూ అడుగుతారు. నేను ముందు అడిగేది, ఆ పన్ను ఇంకా ఎన్నేళ్ళు నోట్లో ఉండాలని. పాలపళ్ళు మొత్తం 20. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి. దవడ పళ్ళు అలా కాదు. 74 అంటే కింద ఎడమవైపు మొదటి దవడ పాలపన్ను, అది 9 నుంచి 11 ఏళ్ళ మధ్య ఊడుతుంది. దాని వెనకున్న 75 అయితే 10 నుంచి 12 ఏళ్ళ మధ్య. మీ బాబుకు ఐదేళ్ళు. అంటే ఆ పళ్ళతో వాడు ఇంకా నాలుగైదేళ్ళు, ఒక్కోసారి ఆరేడేళ్ళు అన్నం నమలాలి. "ఎలాగూ ఊడుతుంది" అనే మాట తొమ్మిదిన్నరేళ్ళ పిల్లకైతే సరిపోవచ్చు, ఐదేళ్ళ వాడికి సరిపోదు.

ఇక మందు. జీఐసీ అంటే గ్లాస్ అయనోమర్ సిమెంట్. మంచిదే. పన్నుకు తనంతట తాను అతుక్కుంటుంది, కొంచెం కొంచెంగా ఫ్లోరైడ్ వదులుతుంది, ఏడ్చే పిల్లల నోట్లో కాస్త తడి ఉన్నా తట్టుకుంటుంది. కానీ నమిలే ఒత్తిడికి బలం తక్కువ. పన్ను పైన గుంటలో మాత్రమే పుచ్చు ఉంటే ఈ సిమెంట్ కొన్నేళ్ళు బాగా నిలుస్తుంది. మీ 85, అంటే కుడివైపుది, అలాంటిదే అయితే దాని గురించి అంత కంగారు అక్కర్లేదు. రెండు పళ్ళ మధ్య పుచ్చితే కథ మారిపోతుంది. అక్కడ పన్ను గోడ ఒకటి పోయి ఉంటుంది, ఫిల్లింగ్ అటువైపు ఆసరా లేకుండా నిలబడాలి. మామూలు జీఐసీ ఆ చోట ఎక్కువకాలం ఉండదు. కాంపోజిట్, అంటే నీలి లైటు వేసి గట్టిపరిచే పన్ను రంగు మందు, ఇంతకంటే గట్టిది. కానీ పెట్టేటప్పుడు పన్ను పూర్తిగా పొడిగా ఉండాలి. ఏడుస్తున్న పిల్లాడి నోట్లో ఉమ్మి తగిలితే అది కూడా అతుక్కోదు.

అందుకే రెండు పళ్ళ మధ్య పెద్ద పుచ్చు ఉన్నా, నరానికి వైద్యం జరిగినా, పాలదవడ పళ్ళకు మేం ఎక్కువగా చెప్పేది స్టీలు క్యాప్. పన్నంతా కప్పేస్తుంది కాబట్టి మళ్ళీ పుచ్చే చోటే మిగలదు. చాలామంది పిల్లల్లో ఆ పన్ను ఊడేటప్పుడు క్యాపుతో సహా ఊడుతుంది.

మీ తప్పా, వాళ్ళ తప్పా అన్నారు. ఫిల్లింగులు పాడవడానికి ముఖ్య కారణం దాని అంచుల్లో మళ్ళీ పుచ్చు పట్టడం. విరగడం, ఊడటం ఆ తర్వాతవి. పాలపన్ను పింగాణీ పొర శాశ్వత పన్నుదానిలో దాదాపు సగం మందమే ఉంటుంది, లోపల నరం గది మాత్రం పెద్దది. అందుకే పుచ్చు త్వరగా లోపలికి పాకుతుంది. ఊడిన చోట ఎక్స్‌రే తీయించకుండా మళ్ళీ సిమెంట్ నింపించకండి. కింద ఏముందో ముందు తెలియాలి.

మంగళగిరి అక్క | జూన్ 10, సాయంత్రం 5:12

డాక్టర్ గారూ, స్టీలు క్యాప్ అంటే వెండిలా మెరుస్తుంది కదండీ. ఆడపిల్ల. నవ్వితే కనిపిస్తుందని మావారు ఒప్పుకోవడం లేదు. తెల్లవి లేవా?

పిల్లల పళ్ళ డాక్టర్, గుంటూరు | జూన్ 10, రాత్రి 8:40

ఉన్నాయమ్మా, జిర్కోనియా క్యాపులు తెల్లగా ఉంటాయి. కానీ వాటికోసం పన్నును ఎక్కువ అరగదీయాలి, ఖరీదూ చాలా ఎక్కువ. ముందు పళ్ళకైతే ఆలోచించవచ్చు. వెనక దవడకు స్టీలుదే నా మాట, అది బాగా నవ్వితే తప్ప కనిపించదు. ఆ స్టీల్లో నికెల్ ఉంటుంది, పాపకు నికెల్ అలర్జీ ఉంటే మాత్రం ముందే చెప్పండి, అంటే చౌకరకం కమ్మలు పెడితే చెవులు పుండు పడటం లాంటిది.

ఇంకో సంగతి. కొందరు పిల్లలకు మిషన్ పెట్టకుండా, మత్తు సూది లేకుండా కూడా స్టీలు క్యాప్ వేయొచ్చు. పుచ్చును లోపలే మూసేస్తే దానికి తిండి అందక ఆగిపోతుంది. స్కాట్లాండ్ డెంటిస్ట్ నోర్నా హాల్ పేరుమీద దీన్ని హాల్ టెక్నిక్ అంటారు. నరం దాకా పోని పుచ్చుకే ఇది పనికొస్తుంది, ఎక్స్‌రే చూసే నిర్ణయించాలి. వేసిన మొదటి వారం రెండు వారాలు పై పన్ను, కింది పన్ను సరిగా కలవనట్టు ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది.

లెక్కల టీచర్, సత్యనారాయణపురం | జూన్ 11, ఉదయం 7:30

మా అనుభవం కొంచెం పక్క విషయం, కానీ ఇది చదివే తల్లిదండ్రులకు తప్పకుండా చెప్పాలి. మా పాపకు ఏడేళ్ళప్పుడు వెనక పన్ను పుచ్చింది. "పాలపన్నే, ఊడి కొత్తది వస్తుంది" అనుకున్నాం. తీరా చూస్తే అది పాలపన్ను కాదు! ఆరేళ్ళకే పాలదవడ పళ్ళ వెనక శాశ్వత దవడ పన్ను వస్తుందట. దానికోసం ఏ పన్నూ ఊడదు, ఖాళీచోట నిశ్శబ్దంగా వచ్చేస్తుంది. అందుకే మాకు తెలియలేదు. జీవితాంతం ఉండాల్సిన పన్నుకు ఏడేళ్ళకే రూట్ కెనాల్ దాకా పోవాల్సి వచ్చింది. నేను ఆ రోజు ఏడ్చాను.

ఇప్పుడు మా క్లాసులో పిల్లల టిఫిన్ డబ్బాలు చూస్తుంటే గుండె తరుక్కుపోతుంది. ఇంటర్వెల్‌కు క్రీం బిస్కట్లు, లంచ్ తర్వాత చాక్లెట్, సాయంత్రం ఆటోలో మళ్ళీ చిప్స్. అన్నీ పళ్ళకు అంటుకునేవే.

పిల్లల పళ్ళ డాక్టర్, గుంటూరు | జూన్ 11, ఉదయం 8:05

టీచర్ గారు చెప్పింది వారానికి ఒకసారైనా నా దగ్గర వింటాను. ఆరేళ్ళు రాగానే వెనక వరస ఒకసారి టార్చి వేసి చూడండి. కొత్త పన్ను పూర్తిగా పైకి వచ్చాక దాని గుంటలు లోతుగా ఉంటే సీలెంట్ వేయించండి. గుంటల్ని మూసే పల్చటి పూత అది. పుచ్చు పట్టకముందే వేయించాలి.

కనిగిరి కుర్రాడు | జూన్ 11, మధ్యాహ్నం 1:15

నా సందేహం టూత్‌పేస్ట్ గురించి. మాది కనిగిరి వైపు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల పళ్ళు పసుపు మచ్చలు పడి, ఎముకలు వంగిపోయినవాళ్ళను చిన్నప్పటినుంచి చూశాను. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాం, మూడేళ్ళ పాప. ఫ్లోరైడ్ పేస్ట్ వాడమంటే నాకు భయమే. ఫ్లోరైడ్ లేనిది వాడితే ఫిల్లింగులకు నష్టమా?

పిల్లల పళ్ళ డాక్టర్, గుంటూరు | జూన్ 11, రాత్రి 9:20

మీ భయానికి అర్థం ఉంది తమ్ముడూ. ఆ బాధ ఊహించుకున్నది కాదు, మీరు చూసింది. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండి, ఏళ్ళ తరబడి కడుపులోకి పోతే ఆ జబ్బు వస్తుంది. పేస్ట్ సంగతి వేరు. అది పన్ను పైనే పనిచేస్తుంది, ఉమ్మేస్తాం. మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్ చాలు. ట్యూబు మీద రాసి ఉంటుంది. పాప చేతికి ట్యూబు ఇవ్వకండి, పేస్ట్ మీరే పెట్టండి. మీరు ఇప్పటికీ బోరు నీళ్ళే తాగుతుంటే మాత్రం ఒకసారి పరీక్ష చేయించి, ఆ కాగితం మీ డాక్టర్‌కు చూపించాకే పేస్ట్ సంగతి తేల్చుకోండి.

ఫిల్లింగు అంచుల్లో పుచ్చు పట్టకుండా ఆపేది ముఖ్యంగా ఈ ఫ్లోరైడే. అది లేకుండా ఎంత మంచి ఫిల్లింగైనా కష్టం.

తెనాలి వదిన | జూన్ 11, రాత్రి 10:02

మా చిన్నవాడికి ఆయాసం. రాత్రిపూట సిరప్పులు, ఇన్‌హేలర్. నాలుగు ఫిల్లింగులు ఏడాదిలో రెండుసార్లు పోయాయి. రోజూ రెండుపూటలా బ్రష్ చేయిస్తున్నా ఎందుకిలా అని తల బద్దలుకొట్టుకున్నాను. చివరికి అడిగితే బయటపడింది. బ్రష్ చేసి పడుకోబెట్టాక తియ్యటి సిరప్ పడుతున్నాను, మధ్యరాత్రి లేస్తే సీసాలో చక్కెర పాలు. తెల్లారేదాకా ఆ తీపి పళ్ళమీదే ఉండేది.

ఇప్పుడు సిరప్ ముందు, బ్రష్ తర్వాత. ఇన్‌హేలర్ కొట్టాక పుక్కిలింత. రాత్రి లేస్తే మంచినీళ్ళే. పాలు మానిపించడానికి మూడు వారాలు పట్టింది, మొదటి నాలుగు రాత్రులు ఇల్లంతా నిద్రలేదు. రోజుకు కొంచెం కొంచెంగా నీళ్ళు కలుపుతూ మానిపించాను. ఇప్పటికి ఏడాదిన్నర, ఒక్క ఫిల్లింగూ కదల్లేదు.

పటమట అమ్మమ్మ | జూన్ 12, ఉదయం 6:10

భేష్ తల్లీ. మరి పండగలకు ఏం చేస్తున్నారు? మా ఇంట్లో సంక్రాంతికి అరిసెలు, బందరు లడ్డు, చెరకు గడలు లేకుండా ఉండదు. పిల్లల్ని తినొద్దని ఎలా అనను?

పిల్లల పళ్ళ డాక్టర్, గుంటూరు | జూన్ 12, ఉదయం 7:15

అనొద్దమ్మా. అన్నంతోపాటు పెట్టండి, ఒకేసారి తిననివ్వండి, తర్వాత నీళ్ళు తాగించండి. రోజంతా గంటకో అరిసె ముక్క అయితేనే ముప్పు, ప్రతిసారీ నోట్లో ఆమ్లం తయారవుతుంది. ఫిల్లింగ్ ఉన్న పిల్లలకు చెరకు గడను పళ్ళతో చీల్చనివ్వకండి, ముక్కలు కోసి ఇవ్వండి. జీళ్ళు, చిక్కీ, సాగే చాక్లెట్లు మాత్రం నేను నిజంగా వద్దంటాను. అవి ఫిల్లింగును పట్టి లాగుతాయి, క్యాపును కూడా వదులు చేస్తాయి.

బ్రష్ గురించి ఒక్క మాట. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా రాత్రి బ్రష్ తల్లో తండ్రో చేయాలి. పిల్లల చేతికి వెనక పళ్ళు అందవు. వాణ్ని మీ ఒళ్ళో తల పెట్టి పడుకోబెట్టుకుంటే నోరంతా కనిపిస్తుంది. పేస్ట్ ఉమ్మేయాలి, కానీ తర్వాత నీళ్ళతో కడిగేయక్కర్లేదు. దవడ పళ్ళు ఆనుకుని ఉంటే మధ్యలో బ్రష్ దూరదు, రాత్రికి ఒకసారి ఫ్లాస్ దారం లాగండి.

బ్రాడీపేట నాన్న | జూన్ 12, ఉదయం 9:40

డాక్టర్ గారూ, మా బావమరిది వాళ్ళ ఊళ్ళో పిల్లకు నల్లటి వెండి ఫిల్లింగ్ పెడతామన్నారట. అందులో పాదరసం ఉంటుందని విన్నాను. నిజమేనా?

పిల్లల పళ్ళ డాక్టర్, గుంటూరు | జూన్ 12, మధ్యాహ్నం 1:50

నిజమే, ఆ వెండి ఫిల్లింగునే అమాల్గం అంటారు, అందులో సగం దాకా పాదరసమే. గట్టిదే, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కానీ పాదరసం వాడకం తగ్గించాలని మినమాటా ఒప్పందం వచ్చాక ప్రపంచమంతా దాన్ని పక్కన పెడుతోంది. యూరోపియన్ యూనియన్ 2018 జులై నుంచే 15 ఏళ్ళలోపు పిల్లలకు ఆపేసింది, 2025 నుంచి దాదాపు అందరికీ. పిల్లకు వేరే మందు అడగండి. ఇప్పటికే నోట్లో బాగా ఉన్న పాత అమాల్గంను మాత్రం భయపడి తీయించకండి, తీసేటప్పుడే పాదరసం ఎక్కువ బయటికొస్తుంది.

భవానీపురం అమ్మ | జూన్ 19, రాత్రి 9:30

అందరికీ చెప్పాలని వచ్చాను. శుక్రవారం పిల్లల పళ్ళ స్పెషలిస్ట్ దగ్గరకు తీసుకెళ్ళాం. ముందు విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్దామనుకున్నాం. అక్కడ పిల్లలకు వేరే విభాగం ఉంది, కానీ మావారి డ్యూటీ టైములు కుదరక దగ్గర్లోనే చూపించాం. ఎక్స్‌రే తీస్తే 74లో పుచ్చు నరం దాకా వచ్చేసిందట. వాపు లేదు కాబట్టి, పైనున్న నరం భాగం మాత్రం తీసి మందు పెట్టి స్టీలు క్యాప్ వేశారు. 75లో పుచ్చు అంత లోతుగా లేదు, అయినా మధ్యలోదే కాబట్టి దానికీ క్యాప్ వేశారు. 85 ఫిల్లింగ్ బాగానే ఉంది, ముట్టుకోలేదు. డాక్టర్ గారు ఇక్కడ చెప్పినట్టే జరిగింది.

ఈసారి వాడు అంత ఏడవలేదు. మొదటి రోజు ఊరికే కుర్చీ ఎక్కించి దించారు, అద్దం చేతికిచ్చి పళ్ళు లెక్కపెట్టించారు. పని రెండో రోజే మొదలుపెట్టారు. అక్టోబరులో కూడా ఇలా చేసి ఉంటే బాగుండేది కదా అనిపించింది.

ఒక్కటే పొరపాటు జరిగింది. మత్తు దిగకముందే వాడు పెదవి కొరుక్కుని పుండు చేసుకున్నాడు. రెండు మూడు గంటలు చూస్తూ ఉండాలని చెప్పారు, ఆటోలో వస్తుంటే నేనే కునికిపాటు పడ్డాను. క్యాప్ చుట్టూ చిగురు కూడా కొంచెం ఎర్రగా ఉంది. ఇది మామూలేనా అండీ?

పిల్లల పళ్ళ డాక్టర్, గుంటూరు | జూన్ 19, రాత్రి 10:10

చాలా సంతోషం అమ్మా. పెదవి పుండు తెల్లగా మారుతుంది, అది చీము కాదు, వారం పది రోజుల్లో మానుతుంది. కారం, పులుపు తగ్గించి కొంచెం వాజలీన్ రాయండి. చిగురు ఎరుపు కూడా కొద్ది రోజుల్లో తగ్గాలి. అక్కడ నొప్పిగా ఉందని బ్రష్ మానేయకండి, చిగురు అంచున మెత్తగా తిప్పండి. రెండు వారాలు దాటినా ఎర్రగానే ఉంటే చూపించండి. క్యాప్ ఊడితే పారేయకుండా డబ్బాలో పెట్టి తీసుకెళ్ళండి, తరచుగా దాన్నే మళ్ళీ అతికిస్తారు.

ఆరు నెలలకోసారి చూపిస్తూ ఉండండి. ఫ్లోరైడ్ వార్నిష్, అంటే పళ్ళ మీద రాసే ఫ్లోరైడ్ పూత, గురించి అడగండి, అది 85ను కూడా కాపాడుతుంది.

భవానీపురం అమ్మ | జూన్ 19, రాత్రి 10:25

సరేనండీ, డిసెంబరు రెండో వారానికి ఇప్పుడే ఫోన్‌లో గుర్తు పెట్టుకున్నాను. మా అత్తగారు ఈ పేజీ అంతా నాతో చదివించుకున్నారు. ఇవాళ రాత్రి బాబును ఒళ్ళో పడుకోబెట్టుకుని బ్రష్ చేసింది ఆవిడే.